నీలి రవ్వ

కేసముద్రం స్టేషనులో రైలు దిగినవారిని ఏళ్ళతరబడి పల్లెలకు చేర్చిన మా నాన్నగారి అంబాసిడరు మొన్న మొండికేసింది. తెల్లవారితే వరంగల్లులో ఆయన కంటి ఆపరేషను. ఆ కారులో తప్ప రానని పట్టు.

సెల్ఫు తిరుగుతోంది, ఇంజను అందుకోవడం లేదు. ప్లగ్గు విప్పితే పెట్రోలుతో తడిసి ఉంది. ఇంధనం అందుతోంది, లోపం రవ్వలోనే అన్నమాట. ప్లగ్గు తుడిచి, తీగకు తగిలించి, రబ్బరు పిడి పటకారుతో ఇంజను లోహానికి ఆనించాను (చేత్తో పట్టుకుంటే ఏమవుతుందో చిన్నప్పుడే తెలిసింది). నాన్నగారు తాళం తిప్పారు.

"ఏ రంగురా?"

"పసుపు."

"నీలంగా రావాలి. పాయింట్లు చూడు."

డిస్ట్రిబ్యూటరు మూత తీశాను. పాయింట్లు కాలి గుంటలు పడ్డాయి. సన్నని గరుకు కాగితంతో రుద్ది, గేజితో ఎడం 0.4 మిల్లీమీటర్లకు సరిచేశాను. ఈసారి రవ్వ చిటిల్లుమంది.

"ఇప్పుడు నీలమే," అన్నారు, నేను చెప్పకముందే.