పచ్చికకీ మార్కుల జాబితా!

కనుచూపు మేరా పచ్చదనమే. మధ్యమధ్యలో కంచెగా పెంచిన పొదలు లేకపోతే ఏ పొలం ఎక్కడ ముగిసిందో చెప్పడం కష్టం. ఐర్లండ్ దక్షిణాన, కార్క్ కౌంటీలో, బ్లాక్‌వాటర్ నది ఒడ్డున ఉన్న ఫెర్మోయ్ చుట్టుపక్కల దృశ్యమిది. చూసేవారికి అదంతా ఒకటే గడ్డి. పాడిరైతుకు మాత్రం ఏరికోరి వేసుకున్న పంట!

దాని పేరు పెరెనియల్ రైగ్రాస్. ఒకసారి విత్తితే ఏళ్ల తరబడి చిగురిస్తూనే ఉంటుంది. వసంతం నుంచి శరత్తు దాకా ఆవులు బయలులోనే మేస్తాయి. చలికాలంలో కొట్టాల్లోకి చేరాక పాతరగడ్డే (సైలేజీ) ఆధారం. వేసవిలో కోసి, గాలి చొరకుండా కప్పి పులియబెట్టేది దీన్నే.

చిక్కంతా ఇక్కడే. మేతగడ్డి చలి వదలకముందే లేవాలి, ఆకుతో నిండుగా ఉండాలి. ఆవు నాలుగు సెంటీమీటర్ల ఎత్తు వరకూ కొరికి తినాలి. పాతరకు వేసేది ఒక్క కోతలోనే బాగా బరువు తూగాలి. వెన్ను తీస్తే కాడ ముదురుతుంది, అరుగుదల తగ్గుతుంది. కొన్ని రకాలు మే రెండో పక్షంలో వెన్ను తీస్తే, మరికొన్ని జూన్ మొదట్లో తీస్తాయి. తేదీల్లో బాగా తేడా ఉన్నవాటిని కలిపి విత్తితే కోతకు సరైన రోజే దొరకదు.

నేలనూ చూసుకోవాలి. 14 క్రోమోజోములుండే డిప్లాయిడ్ రకాలు పిలకలు వేసి చాపలా దట్టంగా అల్లుకుంటాయి. తడి నేలలో గిట్టల తొక్కిడికి తట్టుకుంటాయి. 28 క్రోమోజోముల టెట్రాప్లాయిడ్లు నిటారుగా, పెద్ద ఆకులతో పెరుగుతాయి. ఆవులు ఇష్టంగా తింటాయి కానీ నేల కాస్త పలచగా కప్పుతాయి. వేల్స్‌లోని అబరిస్ట్‌విత్‌లో పుట్టిన అబర్‌చాయిస్ మొదటి కోవది, అబర్‌గెయిన్ రెండోది. చాలామంది రెండు కోవలవీ కలిపే విత్తుతారు.

మరి ఎంచుకోవడం ఎలా? ఫెర్మోయ్ పక్కనే మూర్‌పార్క్‌లో చాగస్క్ పరిశోధన కేంద్రం ఉంది. 2013 నుంచి రకాలకు యూరోల్లో విలువ కడుతున్నారు. వసంతంలో, వేసవిలో, శరత్తులో దిగుబడి ఎంత, నాణ్యత ఎలా ఉంది, పాతరకు పనికొస్తుందా, ఎన్నేళ్లు నిలుస్తుంది... అన్నిటికీ వేర్వేరు అంకెలు. మొత్తం చూసి మురిసిపోతే పొరపాటే. మేత మడికి వసంతం అంకె, కోత మడికి సైలేజీ అంకె చూడాలి.

ఇదంతా ఎందుకంటే, పొలం దున్ని మళ్లీ గడ్డి విత్తడం ఖర్చుతో కూడిన పని. ఎంపిక తప్పితే ఏళ్ల తరబడి ఆ తప్పునే మేపాలి. 2013 వసంతంలో గడ్డి లేవక, విదేశాల నుంచి ఎండుగడ్డి తెప్పించుకుందీ పచ్చని దేశం. 2018లో చలి వసంతం, ఆ వెంటే వేసవి కరవు. అలాంటి ఏడాది పాతరలో ఉన్న ప్రతి మోపూ బంగారమే.

ఆవులు ఎంత కింది వరకూ మేశాయన్నదీ ఇటీవల ఆ లెక్కలో చేర్చారు. నిజమే మరి. గేటు తీయగానే నచ్చితే నేలబారుగా మేస్తాయి, నచ్చకపోతే వదిలేసి ముందుకెళతాయి. ఆఖరి మార్కులు వేసేది అవే!