కాలవలు కట్టేశాక సినిమా

ఏవండీ, సెలవులకి మీ ఇంటికొచ్చిన పిల్లలు సినిమాకి తీసుకెళ్ళమంటున్నారా? అంటే ఏం చెబుతున్నారు? మా ఇంట్లో ఏటా వచ్చే చిక్కు ఇదే. వాళ్ళు బయల్దేరడానికి సిద్ధం, నేను టికెట్లు కొనడానికి సిద్ధం. చూపించడానికి సినిమా ఉండదు.

2024 మే 9న ‘కల్కి 2898 ఏడీ’ వస్తుందన్నారు. ఎన్నికలొచ్చాయి, సినిమా జూన్ 27కి వెళ్ళింది. బళ్ళు తెరిచేశాక వచ్చినదాన్ని వేసవి సినిమా అని ఎలా అంటామండీ? మరుసటేడు అదే మే 9కి ‘హరిహర వీరమల్లు’ అన్నారు. అది జూలై 24కి గానీ తెర మీదకి రాలేదు. 2025 మే 1న ‘హిట్ 3’ వచ్చిందనుకోండి. చూశాను. నాని ప్రాణం పెట్టి చేశాడు, కథ బిగువుగా నడిచింది, కాదనను. కానీ సెన్సారు వారు దానికి ‘ఎ’ సర్టిఫికెట్ ఇచ్చారు. ఇవ్వాల్సిందే, తెర మీద నెత్తురు అంతలా పారింది. నా బాధ ఆ సినిమా మీద కాదు. సెలవులిచ్చిన తొలి రోజుల్లో మన తెలుగులో వచ్చిన పెద్ద సినిమా అదొక్కటే అవడం, అది పిల్లల్ని గేటు దగ్గరే ఆపేసేది అవడం, అదీ బాధ.

మన డెల్టాలో వేసవి సినిమా అంటే మాటలా! ఊళ్ళ వాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు గానీ, పట్నాల్లో పెరిగిన వాళ్ళ కోసం చెబుతాను. రెండో పంట దాళ్వా కోతలు ఏప్రిల్లో అయిపోతాయి. నూర్పిళ్ళు పూర్తయి, ధాన్యం మిల్లుకి చేరి, రైతు చేతికి డబ్బు, కూలీ చేతికి నాలుగు రాళ్ళు వచ్చే సమయం అది. సరిగ్గా అప్పుడే ధవళేశ్వరం దగ్గర కాలవలు కట్టేస్తారు. మళ్ళీ జూన్‌లో నీళ్ళు వదిలి, ఆకుమళ్ళు పోసేదాకా చేలల్లో పెద్దగా పనుండదు. బళ్ళకి సెలవులు. అత్తారిళ్ళ నుంచి ఆడపిల్లలు పిల్లల్ని తీసుకుని పుట్టింటికి వస్తారు. పెళ్ళిళ్ళు మొదలవుతాయి. చేతిలో డబ్బు, ఇంటి నిండా జనం, ఒంటి నిండా తీరిక. ఇవన్నీ కలిసి ఏడాదిలో మరెప్పుడూ రావు. సంక్రాంతికి కూడా మూడు రోజుల సందడే గానీ ఇంత తీరిక ఉండదు.

ఇప్పుడు తేదీలు చూడండి. ఏప్రిల్ 28: 1977లో ‘అడవి రాముడు’, 1994లో ‘యమలీల’, 2006లో ‘పోకిరి’, 2017లో ‘బాహుబలి 2’. మే 9: 1990లో ‘జగదేకవీరుడు అతిలోకసుందరి’, 1991లో ‘గ్యాంగ్ లీడర్’, 2018లో ‘మహానటి’. ‘అల్లూరి సీతారామరాజు’ 1974 మే 1న వచ్చింది. ముహూర్తబలం అంటారు కొందరు. నేను మాత్రం దాళ్వా బలం అంటాను. పరీక్షలు అయ్యాయి, ధాన్యం అమ్ముడైంది, జనం హాలుకి రాక ఎక్కడికి పోతారు? సినిమా వ్యాపారంలో ఈస్ట్, వెస్ట్ అని మన పాత గోదావరి జిల్లాలు రెండింటికీ విడివిడిగా లెక్కలు రాస్తారంటే ఊరికే రాయరు కదండీ.

ఆ రోజుల్లో మా ఊరి నుంచి అమలాపురం వెళ్ళి సినిమా చూడటమంటే పొద్దున్నుంచే హడావిడి. మామ్మ మధ్యాహ్నానికే వంట ముగించేసేది. పిన్నులు, అత్తయ్యలు పూలు కట్టుకుంటూ కథ ఏమై ఉంటుందో ముందే చెప్పేసుకునేవారు. బాబాయి సైకిలు మీద ముందుగా వెళ్ళి క్యూలో నిలబడేవాడు. ఆడవాళ్ళ కౌంటరు వేరుగా ఉండేది, అక్కడ టికెట్టు త్వరగా దొరుకుతుందని మగవాళ్ళంతా మా అత్తయ్యల్ని బతిమాలేవారు. మైకులో ఘంటసాల వారి భక్తిగీతం రికార్డు పడిందంటే ఇక ఆట మొదలవబోతోందని లెక్క, చేతిలో సోడా చేతిలో ఉండగానే లోపలికి పరుగు. నేల, బెంచీ, కుర్చీ. ఎవరి తాహతు వారిది, కానీ అందరూ ఒకే చోట నవ్వేవారు, ఒకే చోట ముక్కు చీదేవారు. ఆ తర్వాత వారం రోజులు ఇంట్లో అదే సినిమా. పెరట్లో గిన్నెలు తోముకుంటూ డైలాగులు, రాత్రి వాకిట్లో మడతమంచాల మీద పడుకుని పాటలు.

‘జగదేకవీరుడు’ వచ్చిన రోజు మీకు గుర్తుందా? సరిగ్గా ఆ రోజే, 1990 మే 9న, పెద్ద తుపాను కోస్తాని కొట్టింది. కృష్ణా, గుంటూరుతో పాటు మన గోదావరి జిల్లాలూ దెబ్బతిన్నాయి, వందల మంది పోయారు. కరెంటు లేదు, బస్సు లేదు. అంత ఖర్చు పెట్టి తీసిన అశ్వనీదత్ గారికి ఆ వారం ఎలా గడిచిందో పాపం. ఆ సినిమా మునిగిపోవాలి నిజానికి. మునగలేదు. వానలు వెలిశాక జనం బురద రోడ్ల మీద నడిచి వెళ్ళారు.

దాన్ని 2025లో, సరిగ్గా ముప్ఫై అయిదేళ్ళకి, అదే తేదీన మళ్ళీ విడుదల చేశారు, త్రీడీలో కూడా. రాజమండ్రిలో చూశాను, పిల్లల్ని వెంటబెట్టుకుని. వాళ్ళది గ్రాఫిక్సు అంటే తెలిసిన వయసు. పాత ట్రిక్కు షాట్లు చూసి పెదవి విరుస్తారేమో అనుకున్నాను. దేవకన్య ఇంద్రజ మానససరోవరం దగ్గర ఉంగరం పోగొట్టుకున్న దగ్గర్నుంచీ మాట్లాడకుండా కూర్చున్నారు. దానికి కారణం ఇంద్రజగా చేసిన శ్రీదేవి. ఆమె ఈ లోకాన్ని మొదటిసారి చూస్తున్నట్టు కళ్ళు విప్పుతుందే, ఆ చూపు ముందు ఏ కంప్యూటరూ పనికిరాదు. జంధ్యాల గారి మాటలు ఇప్పటికీ తాజాగా ఉన్నాయి. ఇళయరాజా పాటలకి పక్క సీట్లో పెద్దావిడ చేత్తో తాళం వేసుకుంటూనే ఉంది. ఆ సినిమాలో నాకెప్పుడూ గొప్పగా తోచేది ఒకటుంది. అంత పెద్ద హీరో అయి ఉండి చిరంజీవి అందులో నలుగురు అనాథ పిల్లల మధ్య ఒక మామూలు గైడుగా ఉంటాడు. కథంతా వాళ్ళలో ఒక చిన్నపాప కాలు బాగవడం చుట్టూ తిరుగుతుంది. దేవకన్యా మాంత్రికుడూ ఎంత హంగు చేసినా, లోపల ఉన్నది ఇల్లే. అందుకే పిల్లలకీ పడుతుంది, మామ్మకీ పడుతుంది.

ఇంకో సినిమా గురించి చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. ‘యమలీల’. హీరో మన రాజమండ్రి అలీ. దర్శకుడు, సంగీత దర్శకుడు కూడా మన కొంకుదురు ఎస్.వి. కృష్ణారెడ్డి గారు. అప్పటిదాకా పక్కన నిలబడి నవ్వించిన కుర్రాడిని నడిమధ్యలో నిలబెట్టి, నడివేసవిలో, పెద్ద హీరోల కాలంలో వదిలారు. ఎంత ధైర్యం కావాలండీ! తల్లి చావు తారీకు భవిష్యవాణి పుస్తకంలో చదివేసిన కొడుకు కథ అది. వింటే ఏడుపు కథ. దాన్ని నవ్వుల్లో ముంచి తీశారు. ‘యమగోల’లో యముడైన సత్యనారాయణ గారే ఇక్కడా యముడు, పక్కన చిత్రగుప్తుడిగా బ్రహ్మానందం. భూలోకానికి వచ్చి వాళ్ళిద్దరూ హిమక్రీములు తినే ఘట్టం చూసి హాల్లో పిల్లలంతా ఇంటర్వెల్లో ఐసు కావాలని పేచీ పెట్టారు. ‘శంకరాభరణం’లో నాట్యం చేసిన మంజుభార్గవి ఇందులో తల్లి. కొడుకు ఏం దాస్తున్నాడో తెలియక ఆమె నవ్వుతుంటే మా అమ్మ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. నవ్వుకీ ఏడుపుకీ మధ్య అంత సన్నటి గట్టు మీద నడిచిన సినిమా ఆ పదేళ్ళలో నేను మరోటి చూడలేదు. మాస్ సినిమాల జాబితాలు రాసేవాళ్ళు దీన్ని కిందెక్కడో వేస్తారు. అన్యాయం.

ఇటీవల మన నేల మీద తీసినవి కూడా చెప్పుకుందాం. ‘సంక్రాంతికి వస్తున్నాం’ 2025 జనవరిలో ఇంటిల్లిపాదినీ హాలుకి రప్పించింది, వెంకటేశ్ రాజమండ్రి పక్కన కాపురం పెట్టుకున్న మాజీ పోలీసు. భార్యగా ఐశ్వర్యా రాజేష్ చేసిన గోదావరి జిల్లా గృహిణి ఎంత సహజంగా ఉందో! కానీ వాళ్ళ కొడుకు బుల్లిరాజు నోట బూతులు పెట్టడం, దానికి హాలంతా చప్పట్లు కొట్టడం నాకు మింగుడు పడలేదు. కుర్రాడు అద్భుతంగా చేశాడు, అందుకే ఇంకా బాధ. ‘ఆయ్’ అమలాపురం పరిసరాల పచ్చదనాన్ని, వానని చక్కగా పట్టింది. ముగ్గురు స్నేహితుల మధ్య సరదా బాగుంది, కులం దగ్గరికి వచ్చేసరికి కాస్త తేలిగ్గా దాటేసింది.

‘కమిటీ కుర్రోళ్ళు’ అలా దాటేయలేదు. 2024 ఆగస్టులో వచ్చింది, నిహారిక కొణిదెల నిర్మాత, యదు వంశీ దర్శకుడు. పదకొండు మంది కొత్త కుర్రాళ్ళు. పన్నెండేళ్ళకోసారి వచ్చే జాతర, చిన్నప్పుడు ఒకే కంచంలో తిన్న స్నేహితులు రిజర్వేషన్ల గొడవలో విడిపోవడం. మన ఊళ్ళలో జరిగేదే, మనం పైకి అనుకోనిదే. మొదటి సగంలోని ఆ తొంభైల బాల్యం చూస్తుంటే మా కాలవగట్టే కనిపించింది. నన్నడిగితే ఈ మధ్య గోదావరి మీద వచ్చిన వాటిలో నిజం ఎక్కువ ఉన్న సినిమా ఇదే. పడవా, కొబ్బరిచెట్టూ, పూతరేకూ చూపించి గోదావరి అనే వాళ్ళకి దీన్ని ఒకసారి చూపించాలి. పడవ మీదే సినిమా అంతా నడిపి కూడా మనుషుల్ని మరిచిపోని వారున్నారనుకోండి. బాపు గారి ‘అందాల రాముడు’, ఆ తర్వాత 2006 మే 19న వచ్చిన శేఖర్ కమ్ముల ‘గోదావరి’. ఆ రెండోది అసలైన వేసవి సినిమా. ఒక్క ఫైటు లేకుండా చల్లగా సాగింది.

వందల సినిమాల్లో నీడనిచ్చిన కుమారదేవం నిద్రగన్నేరు 2024 ఆగస్టులో కూలిపోయినప్పుడు కొవ్వూరు నుంచీ రాజమండ్రి నుంచీ జనం చూడటానికి వెళ్ళారు. చెట్టుకి కూడా అభిమానులున్న జిల్లాలండీ ఇవి! ఇలాంటి చోట హాళ్ళు కల్యాణ మండపాలు అవుతుంటే, గోడౌన్లు అవుతుంటే చూడలేకపోతున్నాను. తాడేపల్లిగూడెంలో హాస్యనటుడు రేలంగి గారు తన పేర సినిమా హాలు కట్టారు. సంపాదించింది తెచ్చి మన జనం సినిమా చూసే చోటు మీద పెట్టారు. 2025 ఏప్రిల్‌లో మన తూర్పు గోదావరి హాళ్ళ యజమానులే ముందుగా గొంతెత్తారు, అద్దె లెక్క వద్దు, పెద్ద సినిమాకైనా వచ్చిన దాంట్లో వాటా ఇవ్వండి అని. హాళ్ళు మూసేస్తామన్నదాకా వెళ్ళి చివరికి ఆగింది. వాళ్ళడిగింది న్యాయమనే నా ఉద్దేశం. హాలు నిండినప్పుడు అద్దె మాత్రమే, హాలు ఖాళీ అయ్యాక వాటా అంటే యజమాని ఏసీ బాగు చేయించేదెప్పుడు, కుర్చీలు మార్చేదెప్పుడు? నిర్మాతలు పెద్ద సినిమాలన్నీ దసరాకీ సంక్రాంతికీ నెట్టేసి, కాలవలు కట్టేసిన రెండు నెలలూ హాళ్ళని ఎండబెడితే ఆ హాళ్ళు ఏం తిని బతుకుతాయి?

కొత్త సినిమా లేకపోతే పాతదైనా వేయండి బాబూ. ‘జగదేకవీరుడు’కి వచ్చినట్టే వస్తాం. ‘యమలీల’ ప్రింటు శుభ్రం చేసి ఒక ఏప్రిల్ 28న మన ఊళ్ళ హాళ్ళలో వేయండి. రాజమండ్రిలో మొదటి ఆటకి మా ఇంటి నుంచి టికెట్లు ఎన్నో తర్వాత చెబుతాను, ముందు మా పిన్ని వాళ్ళకి ఫోను చేయాలి.