గండికోటకు మోసుకెళ్ళిన దూలం

వై.ఎస్.ఆర్. కడప జిల్లాలో జమ్మలమడుగుకు సుమారు 15 కిలోమీటర్ల దూరాన ఎర్రమల కొండలను చీల్చుకొని పెన్నానది సాగిపోతుంది. కొండల నడుమ ఏర్పడిన ఆ గండి మీద కట్టినది కనుక అది గండికోట అయినది. మాధవరాయస్వామి, రంగనాథస్వామి ఆలయాలు, జుమ్మా మసీదు, దాని చెంత విశాలమైన ధాన్యాగారం, వీటన్నిటికీ ఆవల దాదాపు 300 అడుగుల లోతున నది! చూడవలసిన చోటే. అయితే అక్కడ రాయి విస్తారం, చెట్టు అరుదు.

ఈ చివరి మాటే మా ప్రయాణానికి అడ్డు వచ్చినది. మా నాన్నగారు ఫ్యాబ్రికేషన్ షాపులో పనిచేసి పదవీ విరమణ చేసినవారు. అమ్మ పోయిన తరువాత రెండేళ్ళపాటు క్వార్టర్ గడప దాటి ఎక్కడికీ రాలేదు. నడుము నొప్పి వలన నేలమీద కూర్చోలేరు, కుర్చీలో అరగంట మించి ఉండలేరు. ఎప్పుడు పిలిచినా, "రాళ్ళమీద నన్నెక్కడ పడుకోబెడతార్రా? మీరు వెళ్ళిరండి" అనేవారు.

ఆయనకు సుఖమిచ్చేది ఉయ్యాల ఒక్కటే. మా పాత ఇంటి దూలానికి వేలాడిన ఉయ్యాలబల్లమీదే ఆయన బాల్యం గడిచినది. గుడ్డ ఉయ్యాల కడదామంటే గండికోటలో చెట్లు లేవు. పురాతన కట్టడాల స్తంభాలకు తాడు కట్టడం తగని పని. కనుక ఉయ్యాలతోపాటు దాన్ని మోసే కొయ్యలను కూడా వెంట తీసుకువెళ్ళాలని నిశ్చయించుకొన్నాము.

పాత ఇనుము దుకాణంలో గొట్టాలు కొని, మూడేసి కాళ్ళను తాడుతో కట్టి, రెండు ముక్కాళ్ళను పెరట్లో నిలబెట్టి, నడుమ ఉయ్యాల కట్టాము. మాలో ఒకరు కూర్చున్నారో లేదో, రెండు ముక్కాళ్ళూ ఒకదానిమీదికి మరొకటి ఒరిగి కూలినవి. దెబ్బ తగలలేదు కాని పరువు పోయినది. అరుగుమీదనుండి చూస్తున్న నాన్నగారు చాలాకాలానికి నవ్వారు. లేచి వచ్చి, సుద్దముక్కతో నేలమీద బొమ్మ గీశారు.

"బరువు కిందికే దిగుతుందనుకొన్నారు. తాడు లోపలికి లాగుతుందని మరిచారు" అని ఆయన విడమరచి చెప్పారు. 70 కిలోల మనిషి పడుకొన్నప్పుడు తాడు అడ్డంగీతకు 30 డిగ్రీల వాలులో ఉంటే ఒక్కొక్క తాడుమీద 70 కిలోల లాగుడు పడుతుంది. బిగించి 10 డిగ్రీలకు తెస్తే అది 200 కిలోలకు చేరుతుంది. కనుక ఉయ్యాల వదులుగా వేలాడాలి. లోపలికి లాగే బలాన్ని ఎదుర్కొనడానికి రెండు ముక్కాళ్ళ నడుమ పైన దూలం ఉండాలి. అది ఉంటే ముక్కాళ్ళకు బరువు మోసే పని మాత్రమే మిగులుతుంది.

మరునాటి నుండి పని ఆయనదే. దూలానికి 38 మిల్లీమీటర్ల గొట్టం, మీటరు చొప్పున మూడు ముక్కలు. అతుకుల వద్ద లోపల ఇమిడే సన్నగొట్టం, ఇరువైపులా చెరొక జానెడు. కాళ్ళకు 25 మిల్లీమీటర్ల గొట్టం, ఒక్కొక్కటి 1.8 మీటర్లు, రెండేసి ముక్కలుగా. కాళ్ళను పైనుండి జానెడు కింద నైలాన్ తాడుతో కట్టి విడదీస్తే పైన పంగ ఏర్పడుతుంది. దూలం అందులో కూర్చుంటుంది. కాళ్ళు జారకుండా రబ్బరు తొడుగులు, మరీ విచ్చుకోకుండా చుట్టూ తాడు. దూలం రెండు కొసల్లో బోల్టు బిగించి, వాటి వెలుపల మూడు గజాల గాడా గుడ్డను తాళ్ళతో వేలాడదీశాము. ఉయ్యాల నేలకు మూరెడు ఎత్తుకు మించరాదన్నది ఆయన పెట్టిన నియమం. మొత్తం బరువు 16 కిలోలు, ఖర్చు రెండు వేల రూపాయల లోపే. 100 కిలోల ఇసుక బస్తాలు ఒక రాత్రంతా వేలాడదీసి చూసిన పిదపనే మనిషిని ఎక్కనిచ్చారు.

"నాలుగు కాళ్ళు పెడితే ఇంకా గట్టిగా ఉండదా?" అని అడిగాము. "ఎగుడుదిగుడు రాతిమీద నాలుగు కాళ్ళది ఊగుతుంది. మూడు కాళ్ళది ఎక్కడైనా కుదురుకొంటుంది" అన్నారు.

ఆ మాట నిజమని గండికోట తెలిపినది. బస ఆవరణ పక్కనున్న రాతినేలపై పావుగంటలో ఉయ్యాల నిలిచినది. మేకు దిగే నేల కాదది, అయినా మేకు అవసరమే కలగలేదు. ప్రయాణపు అలసట తీరేదాకా నాన్నగారు అందులో పడుకొన్నారు. మరునాడు తెల్లవారుజామున, మేము లేపకుండానే చేతికర్ర అందుకొని, "తిరిగి వచ్చాక నడుము వాల్చడానికి చోటుందిగా, పదండి" అన్నారు. మెల్లగా ఆగుతూ లోయ దగ్గరకు చేరి, అంచుకు దూరంగా నిలిచాము. ఎర్రని బండలపై తొలి వెలుగు పడుతున్నది. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. చివరకు, "మీ అమ్మ చూసి ఉంటే బాగుండేది" అన్నారు. ఆమె పోయిన తరువాత ఆయన నోట అమ్మ మాట మేము వినడం అదే మొదలు.

మన ఇళ్ళలో "మీరు వెళ్ళిరండి" అనే పెద్దలు ఎందరో ఉన్నారు. వారికి కావలసినది కొన్నిసార్లు నడుము వాల్చుకొనే చోటు మాత్రమే. నాలుగు గొట్టాలు, కాసిన్ని తాళ్ళతో ఆ చోటును మనమే మోసుకొని వెళ్ళవచ్చు. తరువాతి యాత్ర ఎక్కడికో నాన్నగారే నిర్ణయిస్తామన్నారు. దూలం మూడు ముక్కలూ వాకిట్లో సిద్ధంగా ఉన్నవి.