మిగిలిన చికెన్ డబ్బులు ఎవరివి?

‘కన్వర్షన్’ అన్న మాట పడితే చాలు, మన వాట్సాప్ గ్రూపుల్లో గొడవ మొదలవుతుంది. ఎవరో ఎవరినో మతం మారుస్తున్నారన్న అర్థమొక్కటే ఆ మాటకి మిగిలింది. కానీ ఏటా విభూది బుధవారం నాడు మా గుడిలో ఫాదర్ గారు మారమని చెప్పేది బయటివాళ్లకు కాదు, మాకే. ఊహ తెలియకముందే జ్ఞానస్నానం తీసుకున్న మాకే. తెలుగులో దానికి మంచి మాట ఉంది: మారుమనస్సు.

మాది మదనపల్లె. బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. అవ్వవాళ్ల ఊరు పుంగనూరు పక్కన. పెద్దమ్మవాళ్లు కుప్పంలో ఉంటారు. కేథలిక్కులకు ఈ మూడూ కడప మేత్రాసనం కిందికే వస్తాయి.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. విభూది బుధవారం నుంచి ఈస్టర్ దాకా, ఆదివారాలు తీసేసి లెక్కేస్తే నలభై రోజులు. ఇంగ్లిష్‌లో లెంట్, మాకు తపస్సు కాలం. పోయినేడు మట్టల ఆదివారం నాటి మట్టల్ని కాల్చి, ఆ బూడిదే నుదుటిన పెడతారు. శుక్రవారాలు సిలువ మార్గం ఉంటుంది. 18 నుంచి 59 ఏళ్లవాళ్లు విభూది బుధవారం, పవిత్ర శుక్రవారం ఒక్కపూటే కడుపునిండా తినాలి. 14 నిండినవాళ్లు ఆ రెండు రోజులూ, మిగతా శుక్రవారాలూ మాంసం మానాలి. రూలు అంతే. మా ఇంట్లో మాత్రం నలభై రోజులూ నీసు ముట్టరు.

నిజం చెప్పాలంటే అదేమంత కష్టం కాదు. ఇంటర్మిటెంట్ ఫాస్టింగ్ చేసే మా టీమ్‌వాళ్లు ఇంతకన్నా ఎక్కువే మాడతారు. పైగా శుక్రవారం వేడి వేడి సంగటి, ఊరుబిండి పెడితే దాన్ని ఉపవాసం అనాలా, విందు అనాలా? తేడా తిండిలో లేదు, మిగిలిన డబ్బుల్లో ఉంది. డైట్‌లో మిగిలింది నాది. తపస్సు కాలంలో మిగిలింది నాది కాదు.

మా అమ్మ దగ్గర పాత హార్లిక్స్ సీసా ఒకటుంది. తేని చికెన్ ధర ఏ వారానికావారం అందులో పడాల్సిందే. ఈస్టర్‌కి ముందు గుడిలో ఇచ్చేస్తుంది. కేథలిక్ సంస్థ కారితాస్ ఇండియా కూడా ఆకలి, జబ్బుల మీద ఏటా చేసే ప్రచారానికి తపస్సు కాలంలోనే విరాళాలు పోగుచేస్తుంది. ‘‘మనం దానం చేస్తున్నాం అనుకోవద్దురా. వాళ్లది వాళ్లకిస్తున్నాం’’ అంటుంది అమ్మ.

మా ప్రాంతానికి ఈ తపస్సు కొత్తది కాదు. 1700ల మొదట్లోనే ఫ్రెంచి జెస్యూట్ గురువులు పుంగనూరు వచ్చారు. సన్యాసుల వేషంలో, మాంసం ముట్టకుండా బతికారు. వాళ్లకు ఏడాదంతా తపస్సు కాలమే అన్నమాట. ఇక మన కాలానికొస్తే, 1992లో ఇదే కడప మేత్రాసనంలో గురువైన పూల ఆంథోనీ గారు 2022లో కార్డినల్ అయ్యారు. భారతదేశం నుంచి ఆ స్థానానికి వెళ్లిన తొలి దళితుడు ఆయనే. చిన్నప్పుడు పేదరికంతో ఆయన చదువు ఏడో తరగతి దగ్గర ఆగిపోతే, మిషనరీలు మళ్లీ బడిలో వేశారు. ఎక్కడో ఎవరో మిగిల్చిన డబ్బులు ఇలా కూడా పనిచేస్తాయి.

అయితే సీసాలో డబ్బులు వేయడం తేలిక. 2025 తపస్సు కాలానికి పోప్ ఫ్రాన్సిస్ ఇచ్చిన సందేశంలో ఒక హోంవర్క్ ఉంది: మీ రోజువారీ బతుకును ఒక వలస మనిషి బతుకుతో పోల్చి చూసుకోండి అని. నాకు వెతుక్కునే పని లేకపోయింది. కుప్పంలో తెల్లారుజామున బెంగళూరు రైలెక్కండి, పెట్టె నిండా వాళ్లే. ఆదివారం రాత్రి మదనపల్లె బస్సులో నా పక్క సీట్లోనూ వాళ్లే. ఊరు ఒకటే, వలస ఒకటే. నన్ను టెకీ అంటారు, వాళ్లని లేబర్ అంటారు. నాకు జ్వరమొస్తే సిక్ లీవ్. వాళ్లకొస్తే ఆ రోజు కూలి లేదు. నాకు పీఎఫ్, ఇన్సూరెన్స్ ఉన్నాయి. వాళ్లకు మేస్త్రీ ఫోన్ నంబరు ఉంది.

అందుకే ఆ ఏడు మా విచారణలో కుర్రాళ్లం కొందరం డబ్బులతో పాటు శనివారాలు కూడా ఇచ్చాం. రెండు లాప్‌టాప్‌లు పెట్టుకుని, అసంఘటిత కార్మికుల కోసం 2021లో కేంద్రం తెచ్చిన ఈ-శ్రమ్ పోర్టల్‌లో పేర్లు ఎక్కించాం. పని చిన్నదే, చిక్కులు మాత్రం పెద్దవి. ఒకరి ఓటీపీ ఎప్పుడో పారేసిన సిమ్‌కి పోతుంది. ఇంకొకరి ఆధార్‌కి అసలు ఫోన్ నంబరే లింక్ అయి ఉండదు. వాళ్లని వేలిముద్ర వేయించడానికి సీఎస్‌సీ సెంటర్‌కి తీసుకెళ్లాలి. సగం రోజు అక్కడే పోతుంది.

ఆ ఏడు రంజాన్ నెలా, మా తపస్సు కాలమూ మార్చి మొదటి వారంలోనే మొదలయ్యాయి. వచ్చినవాళ్లలో రోజా ఉన్నవాళ్లూ ఉన్నారు, ఉగాదికి ఊరొచ్చినవాళ్లూ ఉన్నారు. ఎవరినీ మతం అడగలేదు, ఫారంలో ఆ గడీ లేదు కూడా. ఒకాయనకి టీ ఇవ్వబోతే నవ్వి, ‘‘మీకూ ఉపవాసమే కదా తమ్ముడూ’’ అన్నాడు. మతం గురించి మా మధ్య జరిగిన చర్చ అంతే.

కన్వర్షన్ అంటే నాకు అర్థమైంది ఇదే. ‘వాళ్లు’ అనే మాట మెల్లగా ‘మేం’ అవడం. అది జరిగిందా లేదా అన్నది నలభై రోజుల్లో తెలియదు, తర్వాతే తెలుస్తుంది. ఈస్టర్ అయిపోయింది, ఇంట్లో బిర్యానీ వండేశారు. ఫోన్లు మాత్రం ఇప్పటికీ వస్తూనే ఉన్నాయి, అదీ సరిగ్గా స్టాండప్ మీటింగ్ మధ్యలో: ‘‘అన్నా, నంబరు మారిపోయింది, ఇప్పుడేం చెయ్యాల?’’

మ్యూట్‌లో పెట్టి, ఫోన్ ఎత్తుతాను.