మాత్ర మానేసిన నాలుగు రోజులు

నాలుగేళ్ళుగా టిఫిన్ తినగానే స్టెరాయిడ్ మాత్ర వేసుకుంటున్నాను, కీళ్ళవాతానికి. అది వేసుకున్నాకే నా జడ నేను అల్లుకోగలిగాను. ముఖం మాత్రం పూరీలా పొంగింది.

పోయిన సంక్రాంతికి మా ఆడపడుచు, "బాగా ఒళ్ళు చేశావేంటి వదినా!" అంది. మర్నాటినుంచి ఎవరికీ చెప్పకుండా మాత్ర మానేశాను. నాలుగోరోజు వాంతులు, నీరసం. స్టవ్ ముందే కళ్ళు తిరిగి కూలబడ్డాను.

డాక్టరమ్మ తిట్టలేదు. "ఇన్నేళ్ళు బయటినుంచి ఇస్తే, మూత్రపిండాల పైనుండే అడ్రినల్ గ్రంథులు కార్టిసాల్ తయారుచేయడం తగ్గించేస్తాయి. అవి మళ్ళీ పనిలో పడడానికి టైమివ్వాలమ్మా" అన్నారు.

మళ్ళీ మాత్ర మొదలు. ఆవిడ చెప్పినట్టే మెల్లగా 10 మిల్లీగ్రాముల నుంచి 5కి వచ్చాను. ఇప్పుడు ఒకరోజు 5, ఒకరోజు 2.5. వంటింటి క్యాలెండర్లో మావారు టిక్కు పెడతారు. కొన్ని పొద్దుళ్ళు వేళ్ళు ముడుచుకోవు. ఆరోజు చపాతీపిండి ఆయనే కలుపుతారు.

మొన్న ఆడపడుచుకు ఫోన్లో అంతా చెప్పాను. "ముందే చెప్పొచ్చుగా వదినా" అంది. నిజమే, ఇన్నేళ్ళూ జబ్బును దాచుకుంటూనే వచ్చాను. మీరెవరైనా ఈ మాత్ర వాడుతుంటే, ఎవరో ఏదో అన్నారని మాత్రం మీ అంతట మీరు మానేయకండి.