చీటీలు రాసినవాళ్లు

ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీషు నిఘంటువు మాటెత్తితే చాలు, ఎవరో ఒకరు డాక్టర్ మైనర్ కథ అందుకుంటారు. హత్య చేసి బ్రాడ్‌మూర్ పిచ్చాసుపత్రి పాలైన ఆ అమెరికా సైనిక వైద్యుడు గదిలో కూర్చునే వేల చీటీలు రాసి పంపాడు. గొప్ప కథే, కాదనను. కానీ ఆ ఒక్క కథ వల్ల మిగతావాళ్లంతా మరుగున పడిపోయారు. ఇవాళ వాళ్ల సంగతి చెప్పుకుందాం.

1857లో లండన్ ఫిలలాజికల్ సొసైటీ పెద్దలు ఉన్న నిఘంటువులు చాలవని తేల్చారు. ప్రతి మాటకీ పుట్టుక నుంచీ జాతకం రాయాలన్నారు. అందుకు శతాబ్దాల పుస్తకాలన్నీ ఎవరు చదవాలి? జీతాలిచ్చి చదివించే పనా అది? అందుకే పాఠకులనే అడిగారు: చదవండి, మాట కనిపించిన వాక్యాన్ని పుస్తకం పేరు, ఏడాది, పేజీతో సహా చీటీ మీద రాసి పంపండి అని.

1879లో జేమ్స్ మర్రే సంపాదకుడయ్యాడు. స్కాట్లండ్ దర్జీ కొడుకు, పద్నాలుగేళ్లకే బడి మానినవాడు. అప్పటిదాకా పోగైన చీటీలు గోనెసంచుల్లో వచ్చిపడ్డాయి. ఒకదాంట్లో చచ్చిన ఎలుక! ‘హెచ్’ చీటీలు ఇటలీలో తేలాయి. ‘పి’లో కొన్ని ఐర్లండ్‌లో పొయ్యి రాజేయడానికి పోయాయట. పాపం, ఎవరు ఎన్ని రాత్రులు కూర్చుని రాశారో! మర్రే ఇంటి ఆవరణలో ఇనుపరేకుల షెడ్డు వేసి, వెయ్యికి పైగా అరలు కట్టించాడు. పదకొండుమంది పిల్లలు. అక్షరాలు వచ్చినవాళ్లంతా చేతిఖర్చు డబ్బుల కోసం చీటీలు వరసలో పేర్చేవాళ్లు. అలా పెరిగిన కూతురు రాస్‌ఫ్రిత్ పెద్దయ్యాక అక్కడే ఉద్యోగంలో చేరింది.

ఇక ఎడిత్ థాంప్సన్. ఆవిడా, చెల్లెలు ఎలిజబెత్ కలిసి పంపిన వాక్యాలు 15,000. ప్రూఫులు కూడా ఏళ్ల తరబడి దిద్దింది.

పదేళ్లలో ముగిస్తామనుకున్న పని, ఐదేళ్లకు ‘యాంట్’ దాకా వచ్చింది. పూర్తయ్యేసరికి 1928. మాటలు 4,14,825. మర్రే 1915లోనే పోయాడు. 1928 జూన్‌లో లండన్ గోల్డ్‌స్మిత్స్ హాల్లో విందు, ప్రధాని బాల్డ్విన్ ప్రసంగం. ఆడవాళ్లకు మాత్రం విస్తరి లేదు. ఎడిత్, రాస్‌ఫ్రిత్ బాల్కనీలో కూర్చుని చూశారు. ఇది చదివినప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. వాళ్ల చీటీలు కావాలి, వాళ్లు అక్కర్లేదా?

మూడో కూర్పు 2000 నుంచి ఇంటర్నెట్‌లో విడతలుగా వస్తోంది. ఫలానా మాట ఇంతకన్నా ముందెక్కడైనా కనిపించిందా అని సంపాదకులు ఇప్పటికీ పాఠకులనే అడుగుతున్నారు.