వంకాయలు నిలవుండవు

1984 వేసవిలో మా అమ్మ చికాగో వచ్చినప్పుడు ఊరికే కూర్చోలేక, మా పెరట్లో గడ్డి తవ్వించి వంగ, బంగాళాదుంప, ఉల్లి, గుమ్మడి పెట్టింది. సెప్టెంబరు ఆఖర్న తిరిగి వెళుతూ నాకు అప్పగింతలు పెట్టింది.

"ఉల్లిపాయలు మెడలు ఎండేదాకా గాలికి ఆరబెట్టు. దుంపలకు మట్టి దులుపు, కడక్కు. గుమ్మడికాయకు తొడిమ విరవకు. ఇవన్నీ సంక్రాంతి దాకా వస్తాయి. వంకాయలు మాత్రం నిలవుండవురా, నలుగురికీ పంచు."

తల ఊపాను. ఆవిడ విమానం ఎక్కగానే అన్నీ శుభ్రంగా కడిగి, పట్టినన్ని ఫ్రిజ్‌లో కుక్కాను. ఇంజనీరును కదా, చల్లగా ఉంటే ఏదైనా నిలుస్తుందని నా ధీమా!

దీపావళి నాటికి వంకాయల మీద గుంటలు పడ్డాయి. కోస్తే గింజలు నల్లగా ఉన్నాయి. దుంపల వేపుడు తియ్యగా, మాడినట్టు వచ్చింది. తొడిమ విరిచిన చోట గుమ్మడికాయ కుళ్ళింది. అన్నీ చెత్తలో పోశాను. కూరలు ఎన్నాళ్ళొచ్చాయని అమ్మ అడిగితే, సంక్రాంతికి ఏరోగ్రామ్ రాశాను: "వంకాయలతో సహా ఇంకా తింటూనే ఉన్నాం."

తరువాత చదివి తెలుసుకున్నాను. కోసిన కాయ కూడా ఊపిరి తీస్తూనే ఉంటుంది. చలి ఆ ఊపిరిని నెమ్మదింపజేస్తుంది, నిజమే. కాని వంకాయ వేడిదేశపు కాయ. 50 డిగ్రీల ఫారన్‌హీట్ కంటే చల్లబడితే దెబ్బతింటుంది. ఫ్రిజ్ చలికి దుంపలోని పిండి చక్కెర అవుతుంది. అందుకే వేపుడు నల్లబడింది. తవ్విన దుంపను పదిరోజులు 50, 60 డిగ్రీల మధ్య, చెమ్మగాలి ఆడే చీకట్లో ఉంచితే గాయాల మీద కొత్త తొక్క కడుతుంది. ఉల్లికి పొడిగాలి కావాలి. అందుకే రెండూ ఒకచోట పెట్టకూడదు. గుమ్మడికి తొడిమే మూత, అది ఊడితే కుళ్ళుకు దారి దొరికినట్టే.

1987లో ఇంటికి వెళ్ళినప్పుడు, మనసు ఆగక అమ్మతో నిజం చెప్పేశాను. నవ్వింది.

"సంక్రాంతికి వంకాయలు ఉన్నాయని రాసినప్పుడే తెలిసిందిరా!"

అమ్మ ఇప్పుడు లేదు. మా బేస్‌మెంట్‌లో చెక్కబల్ల మీద గుమ్మడికాయలు మాత్రం ఏటా తొడిమలతోనే కూర్చుంటాయి. వంకాయలంటారా, మంచు పడకముందే సంచీలు పట్టుకుని రండి. అవి పంచడానికే.